మూడు నెలలకని తీసుకున్న గది

నేను ఒక గ్రైండరును. వంటగట్టు మీద ఒదిగి కూర్చునే చిన్న రకం కాదు. ఒక్క వాయికి పది లీటర్ల పిండి ఆడించే హోటలు గ్రైండరును. ఇద్దరు మనుషులు నడుం బిగించి ఎత్తితే తప్ప కదలను. అడుగున గుండ్రటి రాతి రోలు, దాని చుట్టూ స్టీలు తొట్టి, మధ్యలో కోసుగా చెక్కిన పొత్రం, కింద మోటారు. ఇందులో నేను అనేది ఏ ముక్కలో ఉందో చాలాకాలం నాకు తెలుసుకోవలసిన పని పడలేదు. తిరుగుతున్నంతకాలం అలాంటి సందేహాలు రావు.

కోయంబత్తూరు దగ్గర ఒక రాళ్ళ షెడ్డులో పుట్టాను. నన్ను చెక్కినతను ముందుగా ఉలి తీయలేదు. సుత్తి వెనకవైపుతో నన్ను తట్టి, తల వంచి చెవి పెట్టి విన్నాడు. లోపల పగులు ఉన్న రాయి ఒకలా పలుకుతుందట, లేనిది ఒకలా. నా పలుకు విని తల ఊపాడు. నా జీవితంలో నన్ను అంత శ్రద్ధగా విన్న మనిషి మళ్ళీ ఒక్కరే దొరికారు. ఆమె కథే ఇది.

మొదట హైదరాబాదులో, అమీర్‌పేటలో వెంకటాద్రి అనే ఆయన నడిపే మెస్సుకు వచ్చాను. కంప్యూటర్ కోర్సుల కోసం ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలకు ఎనిమిదేళ్ళు ఇడ్లీపిండి రుబ్బాను. వెంకటాద్రికి నా మీద కోపమూ లేదు, ప్రేమా లేదు. హాస్టళ్ళు సొంతంగా వంట పెట్టుకున్నాక ఆయన మెస్సు ఎత్తేసి, నన్ను పాత సామాన్ల దుకాణంలో అమ్మేసి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు. అప్పుడు నాకు బాధ కలగలేదు. ఆయన నాకు ఏ మాటా ఇవ్వలేదు కదా.

ఆ దుకాణంలో నేను దుమ్ము పట్టి ఉండగా ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. పెద్దామె భ్రమరాంబ. చిన్నామె సుగుణ. ఇద్దరూ తోడికోడళ్ళు, నరసరావుపేట నుంచి వచ్చినవాళ్ళు. భ్రమరాంబ భర్త పోయాడు, పిల్లలు లేరు. సుగుణ భర్త లారీ మీద తిరుగుతుంటాడు. కలిసి టిఫిన్ సెంటరు పెట్టుకోవాలని బయల్దేరారు.

సుగుణ బేరం మొదలుపెట్టింది. భ్రమరాంబ మాత్రం మూత తీసి, లోపలికి చెయ్యి పెట్టి, నా రాతి మీది గంట్లను వేలి కొసతో తడిమింది.

"ఇదిగో సుగుణా, గంట్లు ఇంకా అరగలేదే. ఇంకో పదేళ్ళు ఆడిద్ది."

"గట్టిగా అనమాకక్కా, ఆయన రేటు పెంచుతాడు," అంది సుగుణ పళ్ళ బిగువున.

పదకొండు వేలకు బేరం తెగింది. నన్ను ట్రాలీ ఆటో ఎక్కించబోతుంటే భ్రమరాంబ ఆపింది. కొంగు ముడి విప్పి గుప్పెడు బియ్యం నా రోట్లో పోసి మూత పెట్టింది.

"ఏందక్కా ఇది? ఆటో అతను నవ్వుతున్నాడు చూడు."

"నవ్వనీ. ఒట్టి రోలు చోటు కదలకూడదే. కదిలితే వెళ్ళినచోట ఎవరి కడుపూ నిండదని మా అమ్మ చెప్పేది."

అంతకుముందు రెండుసార్లు చోటు మారాను, రెండుసార్లూ ఒట్టిగానే. ఆ గుప్పెడు గింజలు ఆటో కుదుపులకు నా లోపల గలగలమంటుంటే, నేను ఒక వస్తువును మాత్రమే అన్న సంగతి కాసేపు మరిచిపోయాను. తప్పు అక్కడే మొదలైంది.

కూకట్‌పల్లిలో ఒక సందులో చిన్న మడిగె. పైన ఆకుపచ్చ బోర్డు: అక్కాచెల్లెళ్ళ టిఫిన్స్. తోడికోడళ్ళని రాస్తే జనానికి గొడవలు గుర్తొస్తాయని ఆ పేరు సుగుణే పెట్టింది. వచ్చినవాళ్ళంతా నిజంగా అక్కాచెల్లెళ్ళనే అనుకునేవారు. ఏడేళ్ళకు వాళ్ళిద్దరూ అలాగే అనుకోవడం మొదలుపెట్టారు. కనీసం ఒకరు.

పిండీ, పచ్చళ్ళూ భ్రమరాంబవి. గల్లాపెట్టే, మాటలూ సుగుణవి. మినప్పప్పు వేశాక భ్రమరాంబ గడియారం చూసేది కాదు, నన్ను వినేది. పప్పు గరుకుగా ఉన్నప్పుడు నా చప్పుడు వేరు, వెన్నలా అయ్యాక వేరు. అవతల చట్నీ తిరగమోత వేస్తూనే, "ఆపవే, అయిపోయింది," అని తనకు తానే చెప్పుకుని వచ్చి స్విచ్చి ఆపేది. అల్లం పచ్చడిలో చింతపండుకు సమానంగా బెల్లం వేసి, చివర్న నాలుగు వేయించిన మెంతులు చిదిమేది. ఆ మెంతుల సంగతి సుగుణకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఏడో ఏడు నడుస్తుండగా మడిగె యజమాని వచ్చి, కట్టడం పడగొట్టి అపార్ట్‌మెంటు కడుతున్నానని చెప్పాడు. పాపం, మంచివాడే. అడ్వాన్సు లక్షా ఇరవై వేలు పైసా తగ్గించకుండా తిరిగిచ్చాడు. చెరి అరవై వేలు పంచుకున్నారు. కొత్త మడిగె దొరికితే అడ్వాన్సు కట్టాల్సింది ఆ డబ్బుతోనే కాబట్టి భ్రమరాంబ తన వాటాను బ్యాంకులో వేసి, ఆ పుస్తకాన్ని దేవుడి పటం వెనక పెట్టుకుంది. ఆమెకు ఈ భూమ్మీద ఉన్న ఆస్తి అదీ, నాలో సగమూ.

మరి కొత్త చోటు దొరికేదాకా ఈ సామాను ఎక్కడ పెట్టాలి?

"నెలనెలా అద్దెకు గదులిస్తారంటక్కా, సామాను పెట్టుకోడానికే," అంది సుగుణ. "మనుషులు ఉండరు. సామానే ఉంటది. కెమెరాలు, వాచ్‌మనూ అన్నీ ఉంటయ్యంట. మొదటి నెల ఒక్క రూపాయే."

"రూపాయా? మరీ మోసమేమోనే."

"నీకన్నీ మోసాలే. మూడు నెలలు. ఈలోపు చోటు దొరకదూ?"

అలా నన్నూ, ఇడ్లీ పాత్రనూ, గిన్నెలనూ, బోర్డునూ ఊరి చివర ఒక పెద్ద రేకుల షెడ్డుకు తీసుకెళ్ళారు. బయల్దేరేముందు భ్రమరాంబ మామూలుగానే నా రోట్లో గుప్పెడు బియ్యం పోసింది. సుగుణ చూసింది.

ఆఫీసు గది చల్లగా, అద్దాలతో మెరుస్తోంది. నన్ను తోపుడు బండి మీద గుమ్మం బయట నిలబెట్టారు గనక లోపలి మాటలు వినబడుతున్నాయి. ఒక అమ్మాయి నవ్వుతూ అన్నీ చెప్పింది. రెండో నెల నుంచి పన్నుతో కలిపి నాలుగు వేల ఐదు వందలు. రెండు నెలల అద్దె డిపాజిట్టు. తాళం మీరు తెచ్చుకోకూడదు, మా దగ్గరే కొనాలి, తొమ్మిది వందలు. ఒక్క రూపాయితో మొదలైన మాట అలా పెరుగుతూ పోయింది. ఇంగ్లీషులో పన్నెండు పేజీల కాగితం. సుగుణ ఇంటర్ చదివింది. భ్రమరాంబ ఐదో తరగతి. చదవవలసింది సుగుణే, చదివింది కూడా.

"అంతా మామూలేనక్కా. సంతకం నువ్వు పెట్టు. పెద్దదానివి, నీ పేరు మీదుంటేనే అందం."

ఆ మాటకు భ్రమరాంబ మొహం వెలిగి ఉంటుంది, నాకు కనబడలేదు. పెన్ను గరగరలాడటం మాత్రం వినబడింది.

"తినే సామాన్లు ఏమీ లేవు కదా మేడం?" అని అడిగింది ఆ అమ్మాయి.

"లేవండీ, గిన్నెలూ గ్రైండరూ అంతే," అంది సుగుణ వెంటనే.

భ్రమరాంబ ఏమీ అనలేదు. అబద్ధమాడాలని కాదు. ఆ గుప్పెడు బియ్యం ఆమె దృష్టిలో తిండి కాదు. గుమ్మానికి రాసే పసుపు లాంటిది. కానీ సుగుణ ఆ కాగితం చదివింది. ఆ బియ్యాన్నీ చూసింది. ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. అప్పటికింకా ఆమె మనసులో ఏమీ లేదనే నా నమ్మకం. వట్టి బద్ధకం. నమ్మకద్రోహాలు చాలావరకు బద్ధకంతోనే మొదలవుతాయని నాకు ఆ తరువాత తెలిసింది.

రేకు షట్టరు దిగింది. తాళం పడింది. తాళంచెవులు రెండు. "ఒకటి నీ దగ్గరుంచుకోవే, నేనొకదాన్ని, ఎక్కడన్నా పారేసుకుంటా," అంటూ భ్రమరాంబ ఒకటి సుగుణకు ఇవ్వడం వినబడింది.

ఆ షెడ్డులో వంద గదులు. మా గదికి అటూ ఇటూ రేకు గోడలు. కుడివైపు గదిలో ఒక సోఫా. దాని యజమానులు విడిపోయిన మొగుడూ పెళ్ళాలు. ఇద్దరిలో ఎవరికీ అది అక్కర్లేదు, అవతలివారికి ఇవ్వడం ఇష్టం లేదు. ఇద్దరూ చెరి సగం అద్దె కడతారు. ఎడమవైపు గదిలో వ్యాయామం చేసే సైకిలు. దాని యజమాని ఆర్నెల్లకోసారి వచ్చి, కాసేపు దాన్ని చూసి, నిట్టూర్చి, వెళ్ళిపోతాడు.

ఇవన్నీ నాకు చెప్పింది వాచ్‌మన్ ఎల్లేశం. నాకంటే నాకు కాదు, భ్రమరాంబకు. ఒక లేడీస్ హాస్టల్లో వంటమనిషిగా కుదిరిందామె, అక్కడే ఉంటోంది. నెలకు ఒక శుక్రవారం సెలవు. ఆ సెలవు రోజున రెండు బస్సులు మారి నా దగ్గరికి వచ్చేది. షట్టరు ఎత్తి, నన్ను పొడిగుడ్డతో తుడిచి, పాత బియ్యం తీసి ప్రహరీ గోడ మీద పావురాలకు వేసి, సంచిలోంచి కొత్త గుప్పెడు పోసేది.

"ఏం చెల్లె, గుడికి పొయినట్టు వస్తవ్?" అనేవాడు ఎల్లేశం.

"ఇదీ గుడేలే అన్నా. దేవుడికన్నా ఎక్కువే సమర్పించుకుంటున్నా."

"నువ్వొక్కదానివే కాదు. ఈ వంద గదులల్ల ఏమున్నదనుకున్నవ్? ఏం జెయ్యాల్నో తేల్చుకోలేనోళ్ళ సామాను. పారెయ్యలేరు, ఇంటికి తీస్కపోలేరు. నెల నెల కట్టుడు అల్కగున్నది."

"నాది అట్టా కాదన్నా. నాది మూడు నెలలే."

మూడు నెలలు దాటాయి. ఆ మూడూ సుగుణ తన సగం అద్దె ఇచ్చింది. నాలుగో నెల "ఇబ్బందిగా ఉందక్కా, సర్దుతా" అంది. ఐదో నెల ఏమీ అనలేదు. భ్రమరాంబకు హాస్టల్లో ఇచ్చే జీతం నరసరావుపేటలో అత్తగారి మందులకూ, ఆమెను చూసుకునే మనిషికీ సరిపోయేది. ఆ అత్తగారు సుగుణకూ అత్తగారే. దాంతో గది అద్దె దేవుడి పటం వెనక పుస్తకంలోంచి వెళ్ళేది. అప్పుడప్పుడు నా మూత మీద చెయ్యి ఆనించి, "ఇంకో నెల ఓపిక పట్టవే. ఇన్నాళ్ళూ కట్టాం. ఇప్పుడు ఖాళీ చేస్తే కట్టిందంతా వృథా," అనేది. మనుషుల లెక్క నాకు అప్పుడూ అర్థం కాలేదు. పోయినదాన్ని కాపాడుకోవడానికి ఇంకా కొంచెం పోగొట్టుకుంటారు.

ఐదో నెల మధ్యలో ఒక మధ్యాహ్నం షట్టరు లేచింది. శుక్రవారం కాదు. వెలుతురులో సుగుణ, వెనక ఆమె తమ్ముడు, ఇంకో మనిషి.

"ముందు బోర్డు దింపరా. మెల్లగా, రంగు లేస్తది. ఆ ఇడ్లీ పాత్ర. ఆ పెద్ద గిన్నెలు రెండు."

"గ్రైండరక్కా?"

సుగుణ నా దగ్గరికి వచ్చింది. ఏడేళ్ళు నేను రుబ్బిన పిండిని అమ్మిన మనిషి. మూత ఎత్తింది. బియ్యం కనబడ్డాయి. అప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆమె మొహం మారింది.

"ఇంకా పోస్తానే ఉందా, పిచ్చి మనిషి," అని గొణిగింది. మూత పెట్టేసి, చేతికంటిన దుమ్మును చీరకు తుడుచుకుంది. "ఇదొద్దులే. మన కొత్తదాన్ని వంచితే పిండి అదే పడిద్ది. ఈ బండరాయిని ఎవడు మోస్తాడు?"

బయట ఎల్లేశం రిజిస్టరులో సంతకం పెట్టించుకుంటున్నాడు. సుగుణ గొంతు తియ్యగా వినబడింది: "బోర్డుకి రంగేయిస్తున్నా అన్నా. అక్కకు చెప్పమాక, చూసి సంతోషపడాలి."

ఎల్లేశం నవ్వాడు. నవ్వే మాటే కదా.

ఆ నెల శుక్రవారం భ్రమరాంబ వచ్చి, ఖాళీగా ఉన్న గోడను చూసి దొంగతనమే అనుకుంది. అరిచింది. ఎల్లేశం కంగారుపడి రిజిస్టరు తెచ్చి, సుగుణ సంతకం చూపించి, రంగు సంగతి బయటపెట్టాడు. భ్రమరాంబ గుండె మీద చెయ్యి పెట్టుకుని నా పక్కన కూలబడింది.

"అంతేనా! చంపావు గదన్నా. రంగేయించడానికా. మరి ఇడ్లీ పాత్ర? అడుగున కన్నం పడిందిలే, మాటు వేయిస్తా ఉండుంటది. గిన్నెలు? గిన్నెలు... ఎవరి పెళ్ళికో అడిగుంటారు."

బోర్డుకో కారణం, పాత్రకో కారణం, గిన్నెలకో కారణం. ఆమె ఒక్కొక్కటే వెతికి పెట్టుకుంటుంటే నాకు గొంతు లేదన్న సంగతి మొదటిసారి కష్టంగా తోచింది. నేను చూశాను. నేను విన్నాను. ఏడేళ్ళు నా చప్పుడు బట్టి పప్పు సంగతి కనిపెట్టిన మనిషి, నా మూత మీదే చేతులు పెట్టుకుని, అబద్ధాన్ని ఓపిగ్గా అల్లుకుంటోంది. నేను రాయిలా ఉన్నాను. మరెలా ఉండగలను?

ఫోన్లో సుగుణ కూడా ఒప్పుకుంది: "అవునక్కా, రంగే. చోటు కూడా చూస్తానే ఉన్నా. సామాను మాత్రం కదపమాక, భద్రంగా ఉండనీ."

ఏడో నెల అద్దె ఐదు వేల రెండు వందలైంది. పెంచబోతున్నామని ఫోనుకు ఇంగ్లీషులో సందేశం పంపారట. వచ్చిందో లేదో భ్రమరాంబకు తెలియదు.

ఎనిమిదో నెల ఎలుకలు వచ్చాయి. రేకు గోడ కింది సందులోంచి వచ్చి, మూత పక్కకు జరిపి, నా రోట్లో బియ్యం తిన్నాయి. ప్రతి నెలా కొత్త బియ్యం దొరికే చోటు ఎవరికి చేదు? తిని ఊరుకోలేదు. సోఫాను కొరికాయి. నా కింద చీకట్లో మోటారు తీగల మీది తొడుగు కొరికాయి. సోఫాను కొరికినందుకు గోల జరిగింది. తీగలు కొరికిన సంగతి నాకొక్కదానికే తెలుసు.

మేనేజరు వచ్చాడు. కుర్రాడే, మర్యాదస్తుడు. భ్రమరాంబను పిలిపించి కాగితంలో ఒక వరుస మీద వేలు పెట్టాడు. తినే పదార్థాలు ఉంచకూడదు, ఉంచితే డిపాజిట్టు తిరిగి రాదు.

"గుప్పెడు బియ్యం బాబూ అవి. తిండి కాదు."

"బియ్యం తిండి కాకపోతే ఇంకేంటి మేడం?"

భ్రమరాంబ నోరు తెరిచింది. "మా అమ్మ చెప్పేది" అనబోయిందనుకుంటాను. అద్దాల గది అల్లంత దూరంలో కనబడుతుంటే ఆ మాట బయటికి రాలేదు. డిపాజిట్టు తొమ్మిది వేలూ పోయాయి. ఆ రోజు నా రోలును ఊడ్చి, తుడిచి, ఒట్టిగా వదిలి వెళ్ళింది. వెళ్తూ నా వైపు చూడలేదు. ఏదో నేనే తిన్నట్టు.

పదకొండో నెల చివరి శుక్రవారం ఆమె చేతిలో ఒక కాగితపు సంచి ఉంది. టిఫిన్ పొట్లం వచ్చే సంచి. షట్టరు ఎత్తి, నా ఎదురుగా కింద కూర్చుని, దాన్ని నా మూత మీద పెట్టింది. ఎల్లేశం గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమైంది చెల్లె?"

"పొద్దున మా హాస్టలు పిల్ల ఫోన్లో టిఫిన్ తెప్పించుకుందన్నా. నా ఉప్మా నచ్చక." నవ్వబోయింది. "ఈ పేరు చదువు."

ఎల్లేశం కూడబలుక్కుని చదివాడు. "అక్కా... చెల్లెళ్ళ... టిఫిన్స్. నిజాంపేట."

"అల్లం పచ్చడి కాస్త మిగిలితే నాకి చూశా. బెల్లం, చింతపండు సమానం. చివర్న మెంతులు." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "ఆరు నెలలైందంట పెట్టి. బాగా నడుస్తందంట."

ఎల్లేశం తల దించుకున్నాడు. "రంగు అన్నది గదా... నేనే బోర్డు మోపించిన."

భ్రమరాంబ ఫోను తీసి నొక్కింది. చెవి దగ్గర పెట్టుకుంటే వినబడని ఫోను అది. నా మూత మీద పెట్టి పైకి వినబడేలా చేసింది.

"అక్కా! బాగున్నావా?"

"ఇడ్లీ కాస్త గట్టిగా వచ్చింది సుగుణా. మినప్పప్పు ఇంకో ఐదు నిమిషాలు ఆడించమను. మీ కొత్త మిషను చప్పుడు వినడం నీకు రాదుగా."

అటువైపు వెనక ఎవరో "రెండు ప్లేట్ పూరీ" అని కేకవేశారు.

"అక్కా... పిలుద్దామనే అనుకున్నా. డబ్బంతా తమ్ముడు పెట్టాడు, వాడి మాటే చెల్లుతంది. కాస్త నిలదొక్కుకున్నాక..."

"మరి ఈ గది ఎందుకు పెట్టించావే నా చేత? ఖాళీ చేయొద్దని నెలనెలా ఎందుకు చెప్పావు?"

"సామాను భద్రంగా ఉంటదనీ..."

"సామాను కాదులే. సామాను ఇక్కడుంటే నేను వాటా అడగను. షాపు ఇంకా ఉందనుకుంటా కూర్చుంటా. నన్నే కదే ఇందులో పెట్టి తాళం వేశావు."

సుగుణ ఏడుపు అందుకుంది.

"వద్దులే, ఏడవమాక, గల్లా దగ్గర జనం ఉంటారు. బోర్డు నువ్వే ఉంచుకో. అక్క అన్న ముక్క మాత్రం గోకించెయ్."

ఫోను ఆపేసింది. కాసేపటికి సంచిలోంచి ఆ పన్నెండు పేజీల కాగితం తీసి, వెనకవైపు ఖాళీ చూపించి ఎల్లేశానికి పెన్ను ఇచ్చింది. ఆమె చెప్పింది, అతను వేశాడు. కట్టిన అద్దెలు, డిపాజిట్టు, తాళం, ఆటోలో ఆమె సగం, నెలనెలా బస్సు ఛార్జీలు.

"యాభై ఏడు వేల నూట యాభై ఒక్కటి," అన్నాడు.

"చివర ఆ ఒకటేందన్నా?"

"అది ఆఫరు చెల్లె. మొదటి నెలది."

ఇద్దరూ నవ్వారు. నేను ఆమె నవ్వు విన్న ఆఖరిసారి అదే. నాలాంటి కొత్త గ్రైండర్లు రెండు వచ్చే డబ్బు అది. అరవై వేలలో మిగిలింది మూడు వేలకు తక్కువ. మడిగె అడ్వాన్సు ఇక లేదు. ఉన్నదల్లా నేను.

ఆ మాటే ఆమె కూడా అంది. లేచి చీర దులుపుకుంది. "పోతే పోయింది. ఇది ఉందిగా. హాస్టలు వెనక రేకుల చావడి అడిగితే ఇస్తారు. పిండి రుబ్బి అమ్ముకుంటా. పిండికి బోర్డు అక్కర్లేదు."

ఎల్లేశమూ, ఇంకో మనిషీ నన్ను బయటికి మోశారు. పదకొండు నెలల తరువాత ఎండ తగిలింది. వాచ్‌మన్ గది గోడకున్న ప్లగ్గులో వైరు పెట్టారు. భ్రమరాంబ కుడిచెయ్యి నా తొట్టి అంచు మీద వేసి, ఎప్పటిలాగే తల కొద్దిగా వంచింది. వినడానికి.

స్విచ్చి నొక్కింది.

నేను తిరగాలనుకున్నాను. ఇంత గట్టిగా ఎన్నడూ అనుకోలేదు. అడుగు నుంచి ఒక గుర్రుమన్న చప్పుడు, ఒక నిప్పురవ్వ, ఆ తరువాత పొగ. కాలిన వాసన. ఎల్లేశం పరుగున వచ్చి వైరు పీకేశాడు. మోటారు కింద కొరికిన తీగలు, ఎలుకలు కట్టుకున్న గూడు, ఆ గూడులో నాలుగు బియ్యపు గింజలు.

ఆమె ఎవరినీ తిట్టలేదు. గింజల్ని చూసింది, అంతే. ఆ రోజు ఆమెకు ద్రోహం చేసినవాళ్ళ లెక్క రాస్తే అందులో ఆఖరి పేరు నాది.

మెకానిక్కుకు ఫోను చేస్తే మోటారు మార్చాలి, ఏడెనిమిది వేలు అన్నాడు. ఆమె ఇంక ఆలోచించలేదు, నన్ను అమ్మేద్దామంది. ఇన్నాళ్ళకు ఆమె ఆలోచించకుండా చేసిన మొదటి పని అదే. మంచి పనే.

షెడ్డుకు నాలుగు వీధుల అవతల పాత ఇనుము కొనే దుకాణం. గిన్నెలు, తొట్టి, మోటారు, కాళ్ళు, అన్నీ విప్పి కాటా మీద వేశాడు దుకాణం ఆయన. రెండు వేల ఆరు వందలు చేతిలో పెట్టాడు. నా రోలూ పొత్రమూ పక్కన నేల మీద మిగిలాయి.

"ఇవి?"

"రాయికి రేటుండదమ్మా. కావాల్నంటే మీరే తీస్కపోండ్రి."

"నేనేడ పెట్టుకునేది బాబూ? మళ్ళీ దీనికో గది కావాలి."

నేను అనేది ఏ ముక్కలో ఉందో నాకు అప్పుడు తెలిసింది. రేటు లేని ముక్కలో.

ఆమె డబ్బు కొంగున ముడేసుకుంది. రెండడుగులు వేసి ఆగింది. ఎవరితోనో అన్నట్టు, "రెండు లీటర్లది కొంటా. బల్ల మీద పెట్టుకునేది. మంచం కింద పట్టిద్ది," అంది. నాకు చెప్పి ఉండదు. చెప్పి ఉంటే నా వైపు చూసేది.

అంతలో వెనక్కి వచ్చింది. సంచిలో చెయ్యి పెట్టింది. తీసింది. గుప్పెట మూసి ఉంది.

"బాబూ, ఇక్కడేమన్నా రూలుందా, బియ్యం పెట్టకూడదని?"

"పాత ఇనుము దుకాణంల రూలేందమ్మా?" అన్నాడతను అయోమయంగా.

"సంతకం ఏం పెట్టక్కర్లేదుగా?"

"లేదు."

వంగి ఆ గుప్పెడు నా రోట్లో పోసింది. ఒక్కసారి వేలి కొసతో గంట్లను తడిమింది. అవి ఇంకా అరగలేదు. ఆ సంగతి ఆమెకూ తెలిసింది. అయినా వెళ్ళిపోయింది.

దుకాణం ఆయన నా రోలును గేటు పక్కకు దొర్లించాడు. బియ్యం సగం ఒలికాయి. పొత్రాన్ని లారీ చక్రం కింద అడ్డుగా వాడుతున్నారు. పావురాలు ఒకటి రెండు రోజులు వచ్చి గింజలు ఏరుకున్నాయి. ఎలుకల్ని మినహాయిస్తే, ఏడాది తరువాత నా రోట్లోంచి ఎవరో తిన్నారు. గింజలు అయిపోయాక పావురాలూ రావడం మానేశాయి.

సుగుణ నన్ను బండరాయి అంది. భ్రమరాంబ నాకు బియ్యం పోసింది. ఇద్దరూ నన్ను వదిలిపెట్టే వెళ్ళారు. అయినా ఇద్దరినీ ఒకే వరుసలో నిలబెట్టడానికి నాకు మనసొప్పదు, ఎంత ప్రయత్నించినా. మోసపోయినవాళ్ళకు ఉండకూడని బలహీనత ఇది.

నేను ఉన్న ఈ చోటుకు షట్టరు లేదు, తాళం లేదు, అద్దె లేదు. వాన కురిస్తే రోట్లో నీళ్ళు నిలుస్తాయి. ఎండ కాస్తే ఆరిపోతాయి. దారిన ఆటో కుదుపుకు ఎక్కడో గింజల గలగల లాంటిది వినబడినప్పుడు మాత్రం, ఎవరో తల వంచి వింటున్నారేమోనని ఆగి చూస్తాను.

ఆగడానికి నేనేమన్నా తిరుగుతున్నానా!